పరదా కొనే ముందు పొద్దును చూడండి

మే నెల సాయంత్రం, పడమటి గది. కిటికీకి ముదురు రంగు పరదా నిండుగా వేసి ఉంది. గదిలో చీకటి బాగానే ఉంది గానీ చల్లదనం లేదు. పరదాకూ అద్దానికీ మధ్య చేయి దూర్చి ఒక్క నిమిషం ఉంచి చూడండి. పొయ్యి మీంచి అప్పుడే దించిన పెనం పక్కన చేయి పెట్టినట్టు సెగ తగులుతుంది. తర్వాత అరచేతిని రాడ్డుకు కాస్త పైన పెట్టండి. పరదా వెనక కాగిన గాలి పైకి లేచి గదిలోకి వచ్చిపడటం తెలుస్తుంది. ఎండను ఆపుతుందని వేలు పోసి కొన్న పరదా వెలుతురును ఆపింది, వేడిని మాత్రం లోపలే ఉంచేసింది.

ఇల్లు బాగుచేయించుకునేటప్పుడు మనం టైల్స్ చూస్తాం, కప్‌బోర్డులు చూస్తాం, గోడల రంగులు చూస్తాం. డబ్బూ ఓపికా అయిపోవచ్చాక, గృహప్రవేశానికి వారం ముందు, పరదాల దుకాణానికి వెళ్తాం. అక్కడ మొదటి ప్రశ్న “గోడ రంగేమిటండీ?” అని. నిజానికి అడగాల్సిన మొదటి ప్రశ్న “కిటికీ ఏ దిక్కుకు ఉంది?” అని. ఒకే ఇంట్లో తూర్పు కిటికీకి పనికొచ్చే తెర పడమటి కిటికీకి పనికిరాదు. దక్షిణపు కిటికీకి సన్‌షేడ్ సరిగా ఉంటే వేసవిలో ఎండకోసం తెరే అక్కర్లేదు. ఎందుకో తెలియాలంటే అద్దం సంగతి, సూర్యుడి సంగతి, గాలి సంగతి వరసగా చూడాలి.

అద్దం ఒకవైపు తలుపు

సూర్యుడి ఉపరితలం దాదాపు 5,500 డిగ్రీల సెల్సియస్ వేడితో వెలుగుతుంది. అక్కడి నుంచి వచ్చే శక్తిలో కొంత కంటికి కనిపించే వెలుగు. దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలు. ఈ రెండూ పొట్టి తరంగాలే కాబట్టి మామూలు కిటికీ అద్దం వాటిని పెద్దగా అడ్డుకోదు. అవి లోపలికి వచ్చి పరదా మీద, నేల మీద, మంచం మీద పడతాయి. ఆ వస్తువులు వేడెక్కుతాయి. వేడెక్కిన వస్తువు తనవంతుగా వేడిని వెదజల్లుతుంది. అయితే నలభై, యాభై డిగ్రీల వస్తువు నుంచి వెలువడేవి పొడవాటి తరంగాలు. అద్దం వాటిని నేరుగా బయటకు పోనివ్వదు. వేడెక్కిన గాలి కూడా మూసిన అద్దం దాటి పోలేదు. ఎండలో తలుపులు బిగించి నిలిపిన కారులో జరిగేది ఇదే.

ఇప్పుడు పరదా రంగు ఎందుకు ముఖ్యమో చెప్పవచ్చు. తెల్లని గుడ్డ తనపై పడ్డ వెలుగును వెలుగుగానే వెనక్కి తిప్పుతుంది. వెలుగు అద్దం దాటి బయటకు పోగలదు. ముదురు గుడ్డ అదే వెలుగును మింగి వేడిగా మార్చి మనకే ఇస్తుంది. అందుకే గది వైపు ఏ రంగు నచ్చినా సరే, అద్దం వైపు తెల్లని లైనింగ్ ఉండాలి. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం తెల్లని ప్లాస్టిక్ పూత వెనకవైపు ఉన్న మధ్యరకం రంగు పరదాలు కిటికీ గుండా వచ్చే వేడిని 33 శాతం దాకా తగ్గిస్తాయి. మూడింట ఒక వంతు తగ్గడం చిన్న మేలేమీ కాదు. అయినా మిగతా రెండు వంతులు గదిలోకి వస్తూనే ఉంటాయి.

ఆ వేడి ఎంతో అంచనా వేద్దాం. ఎండ నిండుగా ఉన్న వేసవి సాయంత్రం పడమటి గోడపై చదరపు మీటరుకు ఆరువందల వాట్ల సౌరశక్తి పడటం మామూలే. నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న కిటికీ సుమారు ఒకటిన్నర చదరపు మీటరు. మామూలు అద్దం అందులో అయిదింట నాలుగు వంతులదాకా లోపలికి వదిలేస్తుంది. అంటే ఏడువందల వాట్లు. ఇస్త్రీ పెట్టె ఒకటి స్విచ్ వేసి గది మధ్యలో గంటలకొద్దీ వదిలేసినట్టు. ఒక టన్ను ఏసీ తీయగలిగే వేడి దాదాపు 3,500 వాట్లు. దాని శక్తిలో అయిదో వంతు ఈ ఒక్క కిటికీతో పోరాడటానికే సరిపోతుంది.

మన నెత్తి మీద పొద్దు దారి

“సూర్యుడు తూర్పున ఉదయించి పడమట అస్తమిస్తాడు” అని చిన్నప్పుడు చదువుకున్నాం. కచ్చితంగా తూర్పున ఉదయించేది ఏడాదికి రెండు రోజులే, మార్చిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి. తక్కిన రోజుల్లో ఉత్తరానికో దక్షిణానికో జరిగి ఉంటాడు. మన ఉత్తరాయణం, దక్షిణాయనం అనే మాటలు ఈ జరుగుడుకు పెట్టిన పేర్లే. జూన్ నెలలో హైదరాబాదులో పొద్దు తూర్పు బిందువుకు దాదాపు 25 డిగ్రీలు ఉత్తరంగా పొడుస్తుంది, పడమరకు అంతే ఉత్తరంగా కుంకుతుంది.

హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 9 ప్రాంతంలో ఒకరోజు, ఆగస్టు 3 ప్రాంతంలో మరొకరోజు మిట్టమధ్యాహ్నం సూర్యుడు అక్కడ సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలువుగా పాతిన కర్రకు నీడే పడదు. విజయవాడలో ఈ నీడలేని రోజు రెండు మూడు రోజులు ముందు వస్తుంది. తిరుపతిలో ఏప్రిల్ చివరి వారంలోనే వచ్చేస్తుంది. హైదరాబాదుకు చెప్పిన ఆ రెండు తేదీల నడుమ, అంటే దాదాపు మూడు నెలలపాటు, సూర్యుడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆకాశంలో ఉత్తరపు సగంలోనే ఉంటాడు. అందువల్ల హైదరాబాదులో సరిగ్గా దక్షిణానికి తిరిగి ఉన్న గోడపై మే రెండో వారం నుంచి జులై చివరిదాకా నేరుగా ఎండ పడనే పడదు. మన ఇళ్లలో ఈ సంగతి గమనించినవాళ్లు తక్కువ.

డిసెంబరులో కథ తిరగబడుతుంది. సూర్యుడు దక్షిణానికి ఒరిగి, మధ్యాహ్నం కూడా దాదాపు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు దక్షిణపు కిటికీలోంచి ఎండ నేల మీదికి వస్తుంది. చలికాలం కాబట్టి ఆ ఎండ పెద్దవాళ్ల మోకాళ్లకు హాయి, పచ్చళ్ల జాడీలకు మేలు. దక్షిణం వైపు కిటికీ అంటే నమ్మకాల వల్ల వెనకాడేవాళ్లు చాలామంది ఉన్నారు. నమ్మకం ఎవరిష్టం వారిది. ఎండ లెక్కలో మాత్రం మన ప్రాంతంలో అదుపు చేయడానికి అన్నిటికన్నా సులువైన దిక్కు దక్షిణమే.

ఎంత సులువో చూడండి. మార్చి 21న హైదరాబాదులో దక్షిణపు గోడకు సంబంధించి ఎండ వాలు రోజంతా ఒకే కోణంలో, 72 డిగ్రీలకు కాస్త పైన ఉంటుంది. నాలుగడుగుల ఎత్తున్న కిటికీ మొత్తాన్ని నీడలో ఉంచడానికి పదిహేను అంగుళాల సన్‌షేడ్ చాలు. మన మేస్త్రీలు పోసే అడుగున్నర, రెండడుగుల సన్‌షేడ్ మార్చి నుంచి సెప్టెంబరు దాకా కాపలా కాస్తుంది. డిసెంబరు మధ్యాహ్నం మాత్రం కిటికీ కింది భాగంలోకి ఎండను రానిస్తుంది. కావలసిన కాలంలో ఎండ, అక్కర్లేని కాలంలో నీడ. కదిలే భాగం ఒక్కటి లేదు, కరెంటు ఖర్చు లేదు.

ఇదే సన్‌షేడ్‌ను పడమటి కిటికీకి పెట్టి చూద్దాం. మే మొదటి వారంలో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు 36 డిగ్రీల ఎత్తుకు దిగుతాడు. కిటికీ పూర్తిగా నీడలో ఉండాలంటే సన్‌షేడ్ అయిదున్నర అడుగులు ముందుకు రావాలి. అయిదింటికి ఎత్తు 22 డిగ్రీలే. అప్పుడు పది అడుగులు కావాలి! పది అడుగుల సన్‌షేడ్ ఎవరు పోస్తారు? పక్కవాటుగా వచ్చే ఎండను నెత్తిన గొడుగు ఆపలేదు. దానికి నిలువుగా నిలబడే అడ్డు కావాలి.

తూర్పు కిటికీకీ జ్యామితి ఇదే. కానీ పొద్దుటిపూట గాలి చల్లగా ఉంటుంది, గోడలు రాత్రంతా ఆరి ఉంటాయి. పగటి ఉష్ణోగ్రత పతాకస్థాయికి చేరేది మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల మధ్య. సరిగ్గా అప్పుడే పడమటి కిటికీలోకి ఎండ దిగుతుంది. వేడి గాలి, వాలు ఎండ, రోజంతా కాగిన కప్పు మూడూ కలిసి వచ్చేది పడమటి గదికే. ఇటుక గోడ తాగిన వేడి కొన్ని గంటలు ఆలస్యంగా లోపలికి చేరుతుంది కనుక రాత్రి పడుకునే వేళకు ఆ గది ఇంకా సెగలు కక్కుతూనే ఉంటుంది.

చలువపందిరి చెప్పిన సూత్రం

ఎండను లోపలికి రానిచ్చాక తరమడం కష్టం. బయటే నిలబెట్టడం తేలిక. ఈ సూత్రం మన పెద్దలకు కొత్త కాదు. వేసవి రాగానే వాకిట్లో తాటాకుల చలువపందిరి వేసేవారు. ఎండ తాటాకుల మీద పడి, అక్కడే వేడిగా మారి, బయటి గాలిలోనే కలిసిపోయేది. గోడకు అంటేది కాదు. పరదా అద్దానికి లోపల చేసే పనిని పందిరి అద్దానికి బయట చేస్తుంది. ఆ ఒక్క మార్పుతో ఫలితం ఎక్కడికో పోతుంది. కిటికీ బయట వేసే గుడ్డ పందిళ్లు పడమటి కిటికీల గుండా వచ్చే ఎండ వేడిని 77 శాతం దాకా, దక్షిణపు కిటికీల్లో 65 శాతం దాకా తగ్గిస్తాయని అమెరికా ఇంధన శాఖే చెబుతోంది. ఇందాకటి 33తో పోల్చి చూడండి.

ఈ సూత్రాన్ని ఒక భవనమంతటా అమలు చేసి చూపిన చోటు పుదుచ్చేరిలో ఉంది. శ్రీ అరవిందాశ్రమం వసతిగృహం అది. పేరు గోల్కొండ్. చెక్ దేశంలో పుట్టిన వాస్తుశిల్పి ఆంటొనిన్ రేమండ్ దాన్ని రూపొందించాడు. తర్వాతి కాలంలో కొయ్య సామాను కళలో ప్రపంచఖ్యాతి పొందిన జార్జ్ నకషిమా ఆ పనిలో పాలుపంచుకున్నాడు. 1937లో కట్టడం మొదలైంది. హైదరాబాదు సంస్థాన దివాను సర్ అక్బర్ హైదరీ ద్వారా విరాళం అందినందుకు కృతజ్ఞతగా మన గోల్కొండ పేరే పెట్టారు. ఫ్రెంచి ఉచ్చారణలో అది గోల్కొండ్ అయింది. ఆ భవనం పొడవాటి ముఖాలు ఉత్తరానికీ దక్షిణానికీ తిరిగి ఉంటాయి. వాటి నిండా అడ్డంగా పేర్చిన కాంక్రీటు పలకలు. చేత్తో తిప్పితే తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. గాలి వస్తుంది, వెలుతురు వస్తుంది, నేరుగా ఎండ రాదు, వాన జల్లు రాదు. గది తలుపులు సందులు వదిలిన టేకు చెక్కలతో చేసినవి. మనిషి కనబడడు, గాలి ఆగదు. గోడా కిటికీ పరదా మూడూ ఒకటై చేసే పని అది.

మన ఇళ్లలో అంత చేయలేకపోయినా దారులున్నాయి. పడమటి బాల్కనీకి బయటి అంచున వెదురు తెరలు వేలాడదీయవచ్చు. మధ్యాహ్నం ఒంటిగంటకు దించి, పొద్దు కుంకాక చుట్టేస్తే చాలు. సొంత ఇల్లైతే కిటికీకి అడుగు దూరంలో పందిరి కట్టి సన్నజాజినో శంఖుపూల తీగనో పాకించవచ్చు. తీగకూ గోడకూ మధ్య ఆ అడుగు సందు ఉంటేనే వేడిగాలి పైకి పోతుంది, గోడకు చెమ్మ పట్టదు. ఆకులు ఎండను ఆపడమే కాక నీటిని ఆవిరి చేసి చుట్టూ గాలిని చల్లబరుస్తాయి. నర్సరీల్లో వాడే షేడ్ నెట్ చవకైన మార్గం. పాతకాలపు కొయ్య రెక్కల కిటికీలు ఉన్న ఇల్లు కొన్నవారు దయచేసి వాటిని పీకేయకండి. ఏటవాలు చెక్కలున్న ఆ రెక్కలు ఎండనూ చూపునూ ఆపి గాలిని వదులుతాయి. అపార్ట్‌మెంటులో ముందువైపు రూపం మార్చడానికి అసోసియేషన్ ఒప్పుకోకపోతే అద్దానికి సోలార్ ఫిల్మ్ వేయించడం తర్వాతి మేలు. రంగు అద్దం, ఫిల్మ్ కొనేటప్పుడు ఎంత నల్లగా ఉందన్నది కొలమానం కాదు. ఎండ వేడిలో ఎంత భాగాన్ని లోపలికి వదులుతుందో చెప్పే సంఖ్య ఒకటి ఉంటుంది, దాన్ని అడగండి. అది సున్నాకు ఎంత దగ్గరైతే అంత చలువ.

కిటికీ ఎంత, తెరుచుకునేది ఎంత

కిటికీ దగ్గర ఎండను ఆపడం సగం పని. మిగతా సగం గాలిని రానివ్వడం. కేంద్ర ప్రభుత్వపు ఇంధన సామర్థ్య సంస్థ 2018లో ఇళ్ల కోసం ‘ఎకో నివాస్ సంహిత’ అనే నియమావళి తెచ్చింది. అందులో కిటికీల మొత్తం వైశాల్యాన్ని కాక తెరుచుకునే వైశాల్యాన్ని లెక్కిస్తారు. కోస్తాలాంటి ఉక్క ప్రాంతాల్లో అది నేల వైశాల్యంలో ఆరో వంతు ఉండాలి. హైదరాబాదు లాంటి మిశ్రమ వాతావరణంలో ఎనిమిదో వంతు. పన్నెండడుగుల చదరపు గది అనుకుందాం. 144 చదరపుటడుగులు. విశాఖలో 24 చదరపుటడుగులు తెరుచుకోవాలి, హైదరాబాదులో 18.

ఇక్కడే చాలామంది మోసపోతున్నారు. ఇల్లు బాగుచేయిస్తూ పాత రెక్కల కిటికీలు తీసేసి యూపీవీసీ స్లైడింగ్ కిటికీలు పెట్టిస్తారు. చూడటానికి నున్నగా, పెద్దగా ఉంటాయి. రెండు పలకల స్లైడింగ్ ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటుంది. మూడు పలకలదైతే మూడింట రెండు వంతులు. రెక్కల కిటికీ దాదాపు 90 శాతం తెరుచుకుంటుంది. నాలుగడుగుల చదరపు కిటికీకి పాతదానిలో పద్నాలుగు చదరపుటడుగుల గాలి వచ్చేచోట కొత్తదానిలో ఎనిమిది వస్తుంది. దానికి దోమల మెష్ తోడైతే గాలి ఇంకా తగ్గుతుంది. దుమ్ము పట్టిన మెష్ అయితే చెప్పనక్కర్లేదు. రోజువారీ వాడకంలో గాలి కావలసిన గదులకు రెక్కల కిటికీలే మేలు.

గాలి రావాలంటే పోయే దారి కూడా ఉండాలి. ఒకే గోడకు ఎంత పెద్ద కిటికీ పెట్టినా గాలి గుమ్మం దగ్గరే తచ్చాడుతుంది. ఎదురు గోడకో పక్క గోడకో మరో తెరుపు ఉంటేనే గది గుండా సాగుతుంది. వచ్చే దారి, పోయే దారి దాదాపు సమానంగా ఉంటే ప్రవాహం బాగుంటుంది. రెండో కిటికీకి చోటు లేకపోతే తలుపు పైన వెంటిలేటర్ తెరిపించండి. వేడిగాలి తేలికై పైకి లేస్తుంది, ఆ దారిన పోతుంది. గోదావరి జిల్లాల మండువా లోగిళ్లలో నడుమ ఆకాశానికి తెరిచిన చోటు ఉండేది ఇందుకే. సన్‌షేడ్లకూ లింటెళ్లకూ తగిలే మార్పులు చేసేటప్పుడు, గోడల మీదే కప్పు బరువు నిలిచే పాత ఇళ్లలో కిటికీ వెడల్పు చేసేటప్పుడు, ఇంజినీరుకు చూపించకుండా సుత్తి వేయనివ్వకండి.

కిటికీ అడుగు అంచు ఎత్తు కూడా ముఖ్యమే. గాలి మనిషి ఒంటికి తగిలితేనే చెమట ఆరుతుంది. మన జాతీయ భవన నియమావళి సూచన ప్రకారం కుర్చీలో కూర్చునేచోట ఆ అంచు 75 సెంటీమీటర్ల ఎత్తులో, మంచం మీద కూర్చునేచోట 60లో, నేల మీద కూర్చునేచోట 40లో ఉండటం మంచిది. పిల్లలున్న ఇంట్లో అంత కిందికి దించితే గట్టి గ్రిల్ తప్పనిసరి.

ఊరిని బట్టి కిటికీ వాడే తీరు మారుతుంది. తెలంగాణ, రాయలసీమ పీఠభూమిలో వేసవి పగలు వడగాలి, రాత్రి కాస్త చల్లదనం. అక్కడ పొద్దున తొమ్మిదికల్లా కిటికీలు మూసి తెరలు దించాలి, రాత్రి అన్నీ బార్లా తెరవాలి. గోడలు రాత్రి చలువను దాచుకుని పగలు ఇస్తాయి. కోస్తాలో రాత్రి కూడా పెద్దగా చల్లబడదు, ఉక్క ఎక్కువ. అక్కడ గాలి ఆడటమే ప్రాణం. కాబట్టి గాలిని ఆపే మందపు పరదాల కన్నా వెదురు తెరలు, ఏటవాలు రెక్కలు, పలుచని నేత బట్టలు తగినవి. పడమటి వడగాలి వీచే రోజుల్లో మాత్రం కోస్తాలోనూ ఆ వైపు కిటికీలు మూసి, మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తిరిగినప్పుడు తూర్పు, దక్షిణాలు తెరవాలి.

వట్టివేళ్ల తడికెలు కూడా ఈ తేడాకు లోబడినవే. తడికె మీద చల్లిన నీరు ఆవిరయ్యేటప్పుడు గాలిలోంచి వేడిని లాక్కుంటుంది. ఒక లీటరు నీరు ఆవిరైతే దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడి పోతుంది. ఒక టన్ను ఏసీ పదకొండు నిమిషాలు ఆగకుండా చేసే పని అది. కానీ గాలి పొడిగా ఉంటేనే నీరు వేగంగా ఆవిరవుతుంది. ఆదిలాబాదులో, అనంతపురంలో అద్భుతంగా పనిచేసే తడికె మచిలీపట్నంలో ఉక్కను పెంచుతుంది.

ఇప్పుడు పరదాల దుకాణానికి

దిక్కు చూశాం, బయట నీడ ఏర్పాటు చేశాం, గాలి దారి చూశాం. లోపలి పరదా ఇప్పుడు తన అసలు పనులు చేయగలదు. కళ్లు జిగేలుమనకుండా చూడటం, చూపులను ఆపడం, నిద్రకు చీకటి ఇవ్వడం, గదికి అందం తేవడం.

బయట మిట్టమధ్యాహ్నపు వెలుతురు లక్ష లక్స్ దాకా ఉంటుంది. చదువుకోవడానికి మనకు కావలసింది మూడు నుంచి అయిదు వందల లక్స్. అంటే మనకు కావలసింది బయటి వెలుగులో చిన్న పాలే, అది మెత్తగా రావాలి. కిటికీ పైభాగంలోంచి వచ్చే వెలుగే గది లోపలికంటా చేరుతుంది. లింటెల్ ఎత్తుకు రెండు, రెండున్నర రెట్ల దూరం దాకా అది ఉపయోగపడుతుంది. ఏడడుగుల లింటెల్‌కు పదిహేను అడుగులు అనుకోవచ్చు. పైనుంచి కిందికి దిగే రోలర్ బ్లైండ్ సగం దించినప్పుడు మనం మూస్తున్నది ఈ విలువైన పై సగాన్నే. అందుకే చదువుకునే గదికి పలకలు తిప్పుకునే బ్లైండ్ మంచిది. పలకల వంపు పైకి పెడితే వెలుగు సీలింగ్ మీద పడి గదంతా పరుచుకుంటుంది. సీలింగ్ తెల్లగా ఉండాలి సుమా.

పలుచని తెర పగలు చూపును ఆపి రాత్రి ఎందుకు ఆపదు? తెర మీద పడే వెలుగు కంటికి చేరి, తెర వెనకున్న మసక దృశ్యాన్ని కప్పేస్తుంది. పగలు బయట వెలుగెక్కువ కాబట్టి బయటివారికి తెరే కనిపిస్తుంది. రాత్రి దీపం వేశాక వెలుగు మనవైపే ఉంటుంది, వీధిలోవారికి ఇల్లంతా కనబడుతుంది. అందుకే వీధి వైపు గదికి రెండు వరసల రాడ్డు కావాలి. పలుచనిది పగటికి, మందపుది రాత్రికి.

రాడ్డు కిటికీకి రెండు పక్కలా ఆరు, ఎనిమిది అంగుళాలు ఎక్కువ ఉంటే పరదా తీసినప్పుడు గోడ మీదికి జరుగుతుంది, అద్దం మొత్తం తెరుచుకుంటుంది. పడమటి కిటికీకి పరదా పైన పెల్మెట్ పెట్టించండి. ఈ వ్యాసం మొదట్లో అరచేతికి తగిలిన వేడిగాలి దారి అదే, దానికి మూత పడుతుంది. నిద్రగదిలో వీధిదీపం వెలుగు పడితే మెదడులో నిద్రను తెచ్చే మెలటోనిన్ విడుదల మందగిస్తుంది. బ్లాకౌట్ లైనింగ్ అక్కడ ఖర్చుకు తగ్గ వస్తువు, పగలు నిద్రపోవలసిన రాత్రి డ్యూటీ వారికి మరీ. రణగొణ ధ్వనికి మాత్రం పరదా మందు కాదు. గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తుంది అంతే. వీధి చప్పుడు తగ్గాలంటే కిటికీ అంచుల సందులు మూయాలి.

పెడన కలంకారీ పరదాలంటే ఇష్టమైతే ఎండ తక్కువ పడే కిటికీకి వేసుకోండి, వెనక తెల్ల లైనింగ్ కుట్టించండి. సహజ రంగులు ఎండకు త్వరగా వెలిసిపోతాయి. వంటింట్లో పొయ్యి దగ్గర, పూజగదిలో దీపం దగ్గర వేలాడే బట్టే వద్దు. పసిపిల్లలున్న ఇంట్లో బ్లైండ్‌కు వేలాడే తాడు ఉచ్చులా మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. తాడు లేని రకం కొనండి. ఉన్నదైతే తాడును పిల్లలకు అందనంత ఎత్తున మేకుకు చుట్టి ఉంచండి. ఊయల, మంచం కిటికీ పక్కనుంచి జరపండి.

గది సర్దుబాటుకూ ఎండ దారికీ లంకె ఉంది. పడమటి గోడకు బీరువాలు, కప్‌బోర్డులు ఆనిస్తే అవి వేడికి అడ్డుగోడ అవుతాయి. మంచం ఆ గోడకు దూరంగా, గాలి వచ్చే దారిలో ఉండాలి. చదువుకునే బల్ల కిటికీకి ఎదురుగానో వీపు పెట్టేలాగానో కాక పక్కవాటుగా వేస్తే కళ్లకు శ్రమ ఉండదు, కంప్యూటర్ తెర మీద కిటికీ ప్రతిబింబం పడదు.

ఇంత చెప్పాక మీ నుంచి కోరేది ఒక్క ఆదివారం. మేస్త్రీకి బయానా ఇవ్వకముందే, గుడ్డలు చూడకముందే, ఒక నోటుపుస్తకం తీసుకుని ప్రతి గదికీ ఒక పేజీ కేటాయించండి. పొద్దున ఎనిమిదింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం నాలుగున్నరకు ప్రతి కిటికీ దగ్గరా నిలబడి ఎండ ఎంతవరకు వచ్చిందో, గాలి ఎటునుంచి తగులుతోందో రాసుకోండి. వీలైతే మే నెలలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి రాయండి. ఆ పుస్తకం పట్టుకుని దుకాణానికి వెళ్లండి. పడమటి కిటికీకి బయట నీడ ఏర్పాటు చేయడానికి ముందు డబ్బు తీసిపెట్టి, మిగిలినదానితో మీకు నచ్చిన రంగు పరదాలు కొనుక్కోండి.